హెడ్డు మీది నునుపు

మద్దిలేటిరెడ్డి కారు మూడోసారి కూడా ఎద్దుల వెనకనే షెడ్డుకు వచ్చింది.

పొద్దున కర్నూలులో నంద్యాల దారి పట్టిన బండి ఓర్వకల్లు దాటి రెండు మైళ్ళు పోకముందే దగ్గడం మొదలుపెట్టి, వెనక గొట్టంలోంచి తెల్లటి ఆవిరి కక్కి ఆగిపోయింది. పక్క చేలో దున్నుతున్న రైతును రెడ్డి బతిమాలి, కాడి విప్పించి, మోకుతో ఎద్దులను కారుకు కట్టించాడు. తాను మాత్రం స్టీరింగు వదల్లేదు. గంటకు డెబ్భై మైళ్ళ వేగంతో పోయిన దారిలోనే గంటకు రెండు మైళ్ళ చొప్పున తిరిగి వచ్చి, పొద్దు వాలుతుండగా హనుమన్న షెడ్డు ముందు దిగాడు.

“ఏమప్పా హనుమన్నా, ఈ దోవలో ఉండే ఎద్దులన్నిటికీ నీ షెడ్డు యాడుండాదో తెలిసిపోయింది” అన్నాడు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ.

హనుమన్న నవ్వలేదు. నూనె కొలిచే పుల్లను బయటికి లాగి వెలుతురులో పట్టి చూశాడు. నల్లగా ఉండవలసిన నూనె చిక్కటి మజ్జిగలా పుల్లకు అంటుకుని ఉంది. ఇంజనులోకి నీళ్ళు చేరాయి. హెడ్ గ్యాస్కెట్ మళ్ళీ పోయింది.

ఇంజను బ్లాకు మీద హెడ్డు మూతలా కూర్చుంటుంది. ఆ రెండింటి నడుమ పరిచే పలుచని పొర గ్యాస్కెట్. సిలిండర్లలోని నిప్పు, చుట్టూ తిరిగే నీళ్ళు, కింది నుంచి వచ్చే నూనె, ఈ మూడూ ఒకదాని గడపలోకి ఒకటి రాకుండా చూడవలసింది ఆ పొరే. మామూలు కార్లలో ఒకసారి వేస్తే దాని సంగతి ఏళ్ళ తరబడి ఎవరూ తలచుకోరు. ఈ కారు మామూలుది కాదు. ఆరు సిలిండర్ల నీలం రంగు బండి, ఇద్దరు మాత్రమే కూర్చోగలిగేది. బెంగుళూరు విడిచిపోతున్న ఒక ఇంగ్లీషు దొర దగ్గర రెడ్డి కొన్నాడు. మద్రాసు అవతల విమానాలు దిగడం మానేసిన పాత బయలులో జనవరిలో జరిగే పందేనికి దాన్ని తయారు చేయమని హనుమన్న షెడ్డులో వదిలాడు.

ఇంజనుకు బలం పెంచే పని హనుమన్న తమ్ముడు గోపన్న తలకెత్తుకున్నాడు. హెడ్డును బెంగుళూరులో గోరు మందాన చెక్కించుకు వచ్చాడు. సిలిండరు మీది చోటు అంత తగ్గితే గాలీ పెట్రోలూ అంత ఎక్కువగా నలిగి, పేలుడు అంత గట్టిగా ఉంటుంది. చెక్కిన యంత్రం సరిగా లేక హెడ్డు ముఖం కొంచెం ఎగుడుదిగుడుగా వచ్చింది. గోపన్న దాన్ని బేతంచెర్లకు తీసుకుపోయి, మూడు వారాలు అక్కడే కూర్చుని చేత్తో అరగదీసి చదును చేశాడు. షెడ్డులో చేరకముందు ఆరేళ్ళు అతను అక్కడి నాపరాళ్ళకు నునుపు పెట్టే పనిలో ఉన్నాడు. హెడ్డు తెచ్చి బల్ల మీద పెడితే అద్దంలా మెరిసింది.

ఆ తర్వాత భాద్రపదంలో అతనికి కామెర్లు వచ్చాయి. పన్నెండు రోజులు. ఇంజను బిగించింది హనుమన్న ఒక్కడే. అది నడిచే చప్పుడు గోపన్న వినలేదు.

“పోయినోని పని గురించి మాట్లాడగూడదు గానీ హనుమన్నా, ఆ హెడ్డు పనికిరాదు. బొంబాయికి రాసినా. కంపెనీ హెడ్డే కొత్తది, పది దినాల్లో వస్తాది. దీన్ని పీకి పాతసామాన్లోనికి ఏసెయ్” అన్నాడు రెడ్డి.

“కంపెనీ హెడ్డుకు ఇంత వేగం రాదు.”

“రాకపోనీ. వెనకబడితే వెనకబడతా. మద్రాసోళ్ళ ముందర ఎద్దులు యాడ దొరుకుతాయి నాకు?”

హనుమన్న హెడ్డు మీద చెయ్యి పెట్టాడు. “పది దినాలుండాయి గదా రెడ్డీ” అన్నాడు.

“ఉండాయి. ఆ పదీ నీవి” అన్నాడు రెడ్డి.

మర్నాడు హనుమన్న కొండారెడ్డి బురుజు పక్క సందులో ఉన్న దస్తగిరి సాయిబు మోటారు సామాన్ల కొట్టుకు పోయాడు. దస్తగిరి అతన్ని చూస్తూనే గూట్లోంచి గ్యాస్కెట్ల కట్ట కిందికి దించాడు.

“ఈసారి డజను తీసుకోని పో అన్నా. నీకు తిరుగుడు తప్పుతాది, నాకు లేచేది తప్పుతాది.”

“వీటిల్లో గట్టిది యాదో చెప్పు సాయిబూ.”

“గట్టిదంటే ఏంది? నిప్పుకు గట్టిదా, నీళ్ళకు గట్టిదా, శానా దినాలకు గట్టిదా? ముందు అది చెప్పు.”

హనుమన్నకు ఆ ప్రశ్న నచ్చింది. ముప్పై ఏళ్ళుగా గ్యాస్కెట్లు వేస్తున్నాడు కానీ గట్టిదనం మూడు రకాలని ఎవరూ విడదీసి చెప్పలేదు. బల్ల ముందున్న పీట లాక్కుని కూర్చున్నాడు. దస్తగిరికి కూడా ఇలాంటి గిరాకీయే ఇష్టం. మూడు రకాలు తెచ్చి వరుసగా పరిచాడు.

మొదటిది రెండు పలుచని రాగి రేకుల నడుమ రాతినార పెట్టి నొక్కినది. మూడుసార్లూ పోయింది ఆ రకమే. రెండోది అదే పద్ధతి, రాగి బదులు ఉక్కు రేకు. మూడోది ఒట్టి రాగి రేకు, లోపల ఏమీ లేదు.

“ఇదిగో, లోపలుండే దీన్ని చూసినావా?” అంటూ దస్తగిరి ఒక సీసాలోంచి తెల్లటి నారపోగులు తీశాడు. “రాతినార. మన పులివెందల పక్క కొండల్లో గూడా ఇట్లాంటిదే తవ్వుతాండారు. రాయే, కానీ దూది మాదిరి పీకొచ్చు. పట్టుకో.”

అగ్గిపుల్ల గీసి హనుమన్న వేళ్ళ నడుమ ఉన్న పోగు కింద పెట్టాడు. పోగు ఎర్రబడింది, పుల్ల ఆరగానే మళ్ళీ తెల్లబడింది. బూడిద రాలలేదు. హనుమన్న ఇంకో పుల్ల గీయించుకుని మరోసారి చూశాడు.

“నిప్పుకు ఇది లొంగదు. అంత మెత్తన గాబట్టి నీళ్ళకు గూడా బాగా అణుగుతాది. ఉక్కు రేకుది గట్టిదే, కానీ అణగదు, హెడ్డును బిగించే నీ స్టడ్లు తెగినా తెగుతాయి. ఒట్టి రాగి అయితే బెంగుళూరు పందేలోళ్ళు ఏస్తారు. అర్ధగంట పందేనికి అది చాలు, రోడ్డు మీదికి పనికిరాదు” అన్నాడు దస్తగిరి. “పోయినవి మూడూ ఒకే కాడ పోయినాయా, తలా ఒక కాడనా?” అని అడిగాడు.

“ఒకే కాడ. మూడో సిలిండరుకూ నాలుగో సిలిండరుకూ నడుమ.”

“అయితే తప్పు నా సరుకుది కాదన్నా. సరుకు చెడ్డదైతే ఒకటి ఈడ పోతాది, ఒకటి ఆడ పోతాది.”

“మరి దేనిది?”

దస్తగిరి రాతినారను మళ్ళీ సీసాలో కుక్కి మూత బిగించాడు. “గోపన్న శానా మంచి పనోడు” అన్నాడు.

ఆ మాటలో చెప్పనిది హనుమన్నకు అర్థమైంది. హెడ్డు చదునుగా లేదేమోనని సాయిబు అనుమానం. ఆ అనుమానం హనుమన్నకూ ఉంది. మొదటి గ్యాస్కెట్ పోయిన రోజే వచ్చింది. హెడ్డు ముఖం చదునా కాదా అని తేల్చి చెప్పేంత సరైన ఇనుపబల్ల కర్నూలులో లేదు. ఆ సాకు అతనికి ఇన్నాళ్ళూ అక్కరకు వచ్చింది. చూస్తే తెలిసిపోతుందన్న భయంతోనే అతను చూడలేదు.

అందుకే ఒట్టి రాగి రేకు తీసుకున్నాడు. రాగి మెత్తన. తమ్ముడి పనిలో ఎక్కడైనా పల్లం ఉంటే అందులోకి అణిగి నిండుతుందని ఆశ.

రేకును పాత గ్యాస్కెట్ కొలతకు కోయించడానికి కంచరి పుల్లయ్య దగ్గరికి తీసుకుపోయాడు. బిందెలు, కాగులు చేసే పుల్లయ్య ఇంతకుముందు ఇంజను సామాను ముట్టుకోలేదు. రెండు రోజులు కూర్చుని ఒక్కొక్క కన్నమే తొలిచాడు. తొలిచాక రేకు బిరుసెక్కి ఉంది. పుల్లయ్య దాన్ని కొలిమిలో ఎర్రగా కాల్చి తొట్టిలో ముంచాడు.

“గట్టిపడదా?” అన్నాడు హనుమన్న. ఇనుమైతే అలాగే గట్టిపడుతుంది.

“ఇది ఇనుము కాదుగదప్పా. రాగి ఎర్రగా కాల్చి ముంచితే వెన్న అయితాది. దెబ్బ పడే కొద్దీ బిరుసెక్కుతాది. మళ్ళీ కాల్చల్ల” అన్నాడు పుల్లయ్య. రేకు చివర వేలితో వంచి చూపించాడు. అది వంగి, వంగినట్టే ఉండిపోయింది.

నాలుగో రోజు ఆ రేకు వేసి హెడ్డు బిగించి, రెడ్డిని పక్కన కూర్చోబెట్టుకుని వెల్దుర్తి దారిలో బండి వదిలాడు. ఇంజను గొంతు మారింది. గంటకు ఎనభై దగ్గర కూడా ఒక్క దగ్గు లేదు. రెడ్డి ముఖం విప్పారింది. వెల్దుర్తి దాటాక ఆపి బానెట్టు ఎత్తి చూస్తే, హెడ్డుకూ బ్లాకుకూ నడుమ అతుకు పొడవునా నీళ్ళు చెమటలా పట్టి ఉన్నాయి. రేడియేటరులో నీళ్ళు నాలుగు వేళ్ళు తగ్గాయి.

“నిప్పును నిలబెట్టినావు, నీళ్ళను ఇడిచిపెట్టినావు” అన్నాడు రెడ్డి. “పందెం వరకైతే ఇది చాలదా?”

“చాలొచ్చు. మద్రాసు దాకా పోవల్ల గదా ముందు. ఆ నీళ్ళు లోపలికి గూడా దిగుతాయి.”

“అయితే బొంబాయి హెడ్డే నయం.”

హనుమన్న బానెట్టు దించి, తిరిగి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం విప్పిన నాలుగు గ్యాస్కెట్లనూ గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. భార్య తిరుపతమ్మ సంకటి ముద్ద వడ్డించి, పప్పు పోసింది. అతను కంచం పక్కకు జరిపి గ్యాస్కెట్లను నేల మీద పరిచాడు.

“ఆ ఇనుప తునకల్ను చూస్తే కడుపు నిండుతాదా? ముద్ద ఆరిపోతాండాది” అంది ఆమె.

“ఇనుము కాదు, రాగి.”

“రాగి సంకటి కంచంలో ఉండాది. అది తిను ముందు.”

అతను తింటూనే ఎడమచేతి బొటనవేలి గోరుతో ఒక గ్యాస్కెట్ మీద గీస్తూ ఉన్నాడు. బ్లాకు వైపు ఉండిన ముఖం మీద గోరు చిన్నగా తట్టుకుంటోంది. బ్లాకును కోసిన యంత్రం గీతలు రాగిలో అచ్చుపడ్డాయి. తిప్పి హెడ్డు వైపు గీశాడు. గోరు జారిపోయింది. రెండోది చూశాడు. అదీ అంతే. మూడోదీ అంతే. ఒక పక్క తట్టుకుంటుంది, ఒక పక్క జారుతుంది. ఎందుకో తెలియలేదు కానీ, ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాడు.

తిరుపతమ్మ మజ్జిగ పోయడానికి వంగి, ఒక గ్యాస్కెట్ వైపు చూసింది. “ఇది జరిగిండాది” అంది.

“ఏంది?”

“ఇదే. ఈ కన్నం చుట్టూ మసి చుట్లు రెండుండాయి చూడు, ఒకదాని మీద ఒకటి. తడి చెంబును నేల మీద కొంచెం జరిపితే రెండు చుట్లు పడతాయే, అట్ల.”

హనుమన్న వంగి చూశాడు. నిజమే. హెడ్డు వైపు, మూడో కన్నం చుట్టూ రెండు మసి చుట్లు ఉన్నాయి. వాటి నడుమ ఎడం వెంట్రుకంత. తిప్పి చూస్తే బ్లాకు వైపు ఒకటే చుట్టు. అంటే ఆ పేలుళ్ళ దెబ్బకు రేకు హెడ్డు మీద జారింది. బ్లాకు పట్టుకుంది, హెడ్డు వదిలేసింది. అటూ ఇటూ లాగుడు పడి నడుమ చిరిగింది.

“నువ్వు షెడ్డుకు రా రేప్పొద్దున” అన్నాడు భార్యతో.

“వస్తా. నువ్వు పొయ్యి కాడ కూచో.”

రేకు జారిందని తేలింది. చదును సంగతి ఇంకా తేలలేదు. పల్లం ఉంటే కూడా రేకు జారవచ్చు. ఇక చూడకుండా తప్పించుకోవడానికి వీల్లేదని హనుమన్నకు అర్థమైంది.

ఆ ఏడు కర్నూలు కొత్త రాష్ట్రానికి రాజధాని. డేరాల్లో నడుస్తున్న సర్కారు కచేరీలకు గదులు లేస్తున్నాయి, ఆ గదుల్లో పరవడానికి బేతంచెర్ల నుంచి రోజూ నాపరాళ్ళ లారీలు వస్తున్నాయి. తిరిగిపోయే ఖాళీ లారీలో వరిగడ్డి పరిచి, హెడ్డును గోనెపట్టాలో చుట్టి పడుకోబెట్టి, పక్కన తాను కూర్చున్నాడు. లారీ గుంతలో పడ్డప్పుడల్లా దాని మీద చెయ్యి వేసి పట్టుకున్నాడు.

బేతంచెర్ల స్టేషను పక్కనే రాళ్ళకు నునుపు పెట్టే దొడ్డి ఉంది. తడికల నీడలో పదిహేను మంది ఆడవాళ్ళు వరుసగా కూర్చుని రాళ్ళు రుద్దుతున్నారు. చివర కూర్చున్న ఈరక్కకు అరవై ఏళ్ళు. గోపన్నకు ఈ పని నేర్పింది ఆమే. హనుమన్న గోనెపట్టా విప్పగానే ఆమె చేతిలోని రాయి పక్కన పెట్టింది.

“ఇది నాకు తెలుసు. ఈడనే గదా చేసినాడు, ఈ తడిక కిందనే” అంది. “కబురు ఆలస్యంగా తెలిసింది నాయనా. రాలేకపోతిని” అంది.

“సరేలే ఈరక్కా.”

“ఏంది సంగతి?”

“దీని మట్టం చూడల్ల.”

ఆమె అతని ముఖం ఒకసారి చూసింది. దొడ్డి వెనక్కి పోయి, గోనెలు కప్పి ఉన్న ఒక రాతిపలక చూపించింది. దాన్ని అమ్మరు. మిగతా రాళ్ళ మట్టం దానితో సరిచూస్తారు. ఈరక్క ఎర్రటి జాజుమట్టిని నూనెలో రంగరించి, గుడ్డతో పలక మీద పలుచగా, రాయి రంగు కనిపించేంత పలుచగా పూసింది. లారీ క్లీనరూ హనుమన్నా హెడ్డును బోర్లా దించి, రెండు వేళ్ళ దూరం అటూ ఇటూ జరిపి, మళ్ళీ ఎత్తారు. ఎత్తుగా ఉన్న చోట ఎరుపు అంటుతుంది. పల్లంగా ఉన్న చోట అంటదు.

తిరగేసేముందు హనుమన్న కళ్ళు మూసుకున్నాడు. అది అతనికి తెలియదు. ఈరక్క చూసింది.

హెడ్డు ముఖమంతా ఎర్రటి చుక్కలు. ఈ చివర నుంచి ఆ చివరి దాకా, కందిపప్పు చల్లినట్టు, ఒకే తీరున. మూడో కన్నానికీ నాలుగో కన్నానికీ నడుమ ఉన్న సన్నటి దారిలో కూడా అంతే దట్టంగా ఉన్నాయి. అతను వంగి, ఆ చోట వేలు పెట్టి, వేలికంటిన ఎరుపు చూసుకున్నాడు. పక్కనున్న రాళ్ళ దొంతి మీద కూర్చున్నాడు.

“మట్టం గురించా నీ దిగులు?” అంది ఈరక్క. “వాడు పదిహేడు దినాలు మట్టమే పట్టినాడు నాయనా. దినానికి నాలుగుసార్లు జాజు పూసేది, చూసేది, మళ్ళీ రుద్దేది. వద్దురా చాలురా అంటే ఇనలే. నునుపు పెట్టింది కడాకు రెండే దినాలు.”

“నునుపు ఎందుకు పెట్టినాడు? బెంగుళూరులో ఎవరన్నా చెప్పినారా?”

“నువ్వే గదా చెప్పింది. అన్న మీసం కనబడల్ల దీంట్లో, కనబడితేనే నేను పనోడినని ఒప్పుకుంటాడంట అని నవ్వుతా పెట్టినాడు.”

హనుమన్నకు గుర్తు లేదు. తర్వాత గుర్తుకొచ్చింది. ఎండాకాలం, షెడ్డు ముందు, లారీ ఎక్కుతున్న తమ్ముడితో ఏదో నవ్వులాటకు అన్న మాట అది. బేతంచెర్ల మొనగాడివి గదా, నా మీసం కనబడేట్టు చేసుకోని రా చూద్దాం అన్నాడు. తెచ్చాక నిజంగానే అందులో మీసం చూసుకుని, దువ్వుకుని, షెడ్డులో అందరినీ పిలిచి చూపించాడు. ఆ రోజు తమ్ముడు పట్టిన మట్టం గురించి ఒక్క మాట అడగలేదు.

“ఈరక్కా, ఈ నునుపుకే రేకు జారుతాండాది” అన్నాడు నెమ్మదిగా. గోరు తట్టుకున్న సంగతి, రెండు మసి చుట్ల సంగతి చెప్పాడు.

ఆమె పూర్తిగా విన్నది. పక్కనున్న రాతిని ఎత్తి, అడుగు పక్క చూపించింది. ఉలి దెబ్బలతో గరుకుగా ఉంది. “రాయికి ఒక పక్కనే నునుపు పెడతాం. కాలు పెట్టే పక్క. సున్నం పట్టుకునే పక్క ఇట్లనే ఇడుస్తాం, లేకుంటే నేల నిలబడదు. ఇది వానికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ మేం ఎప్పుడు రాయి పట్టినా పైకి కనబడే పక్కకే గదా రుద్దేది. చేతులు ఆ లెక్కకే పోయినాయి. ఇనుముకు ఇది పట్టుకునే పక్కని నాకు యాడ తెలుసు? వానికి తోచలేదు.” ఆమె రాయి కింద పెట్టింది. “నువ్వు మెకానిక్కువి. నీకు తోచిండల్ల.”

“తోచలే.”

ఇప్పుడు రెండు దారులున్నాయి. ఒట్టి రాగి రేకు అద్దంలాంటి ముఖం మీద బాగానే నిలుస్తుంది. అది వేసి ఎలాగో పందెం గడిపేస్తే, తమ్ముడి నునుపు అలాగే ఉంటుంది, నీళ్ళు కారుతూ ఉంటాయి, పందెం అయ్యాక రెడ్డి బొంబాయి హెడ్డు బిగిస్తాడు. రాతినార రేకు వేయాలంటే ఈ మెరుపు పోవాలి. హనుమన్న హెడ్డు వైపు చూశాడు. జాజు చుక్కల నడుమ తన ముఖం కనిపిస్తోంది.

“గరుకు పెట్టను ముతక ఎమెరీ పొడి ఉండాదా?” అని అడిగాడు.

“ఉండాది. నేను చేద్దునా?”

“నేను చేస్తా. నువ్వు చూస్తా ఉండు.”

ఆమె అరచేయంత చదును రాయి ఒకటి ఇచ్చింది. ముతక పొడి చల్లి, నీళ్ళు చిలకరించింది. “బరువు ఎయ్యొద్దు. రాతి బరువే చాలు. ఒకే దిక్కుకు లాగు, తర్వాత అడ్డంగా లాగు. ఒక్క కాడనే నిలబడొద్దు” అంది.

మొదటి వరుసకే మీసం పోయింది. రెండో వరుసకు ముఖం పోయింది. హనుమన్న చేతులు ఆపలేదు. పది కన్నాల చుట్టూ, ఇరవై కన్నాల చుట్టూ, ఒక చివర నుంచి ఇంకో చివరకు రాయి లాగాడు. తెల్లగా మెరిసేది పొగరంగుకు తిరిగింది. ఈరక్క మధ్యమధ్య తడిగుడ్డతో తుడిచి, గోరుతో గీసి చూసింది.

“చాలు. గోరు తట్టల్ల, అంతే. గుంత పడగూడదు” అంది చివరికి.

మళ్ళీ జాజు పూసి చూశారు. చుక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

“మట్టం అట్లనే ఉండాది చూడు” అంది ఈరక్క. చీర చెంగుతో కాదు, చేతి వెనక పక్కతో ముక్కు తుడుచుకుంది. చేతులకు ఎరుపు ఉంది.

ఎనిమిదో రోజు కర్నూలు చేరి, రెడ్డిని పిలిపించి జరిగింది జరిగినట్టు చెప్పాడు. తప్పు గ్యాస్కెట్‌ది కాదన్నాడు. చదును సరిగ్గా ఉందన్నాడు. నునుపు ఎక్కువైందని, అది తమ్ముడు పెట్టినా పెట్టమన్నది తానేనని చెప్పాడు. చెప్పకుండా దాటవేయడానికి చాలా వీలుంది. రెడ్డి అడిగి ఉండేవాడు కూడా కాదు.

రెడ్డి అంతా విని గడ్డం గోక్కున్నాడు. “అంటే నేను మూడుసార్లు ఎద్దులెనక ఊరేగింది నీ మీసం కోసమా?”

“అవును రెడ్డీ.”

“ముందే దాన్ని గొరిగించుకోని ఉంటే సరిపోయేది” అన్నాడు రెడ్డి. తర్వాత హెడ్డు మీద గోరుతో గీసి చూశాడు. తట్టుకుంది. మళ్ళీ గీశాడు. “ఇప్పుడు ఏ రేకు ఏస్తావు?”

“మొదట ఏసిందే. రాగీ రాతినార.”

“పోయిందే మళ్ళీనా?”

“దాని తప్పు కాదు గదా. నిప్పుకూ నీళ్ళకూ రెండింటికీ అదే మేలైంది. దానికి పట్టు దొరకలేదు, అంతే.”

తొమ్మిదో రోజు పొద్దున్నే బండి నంద్యాల దారి పట్టింది. ఓర్వకల్లు వచ్చింది, పోయింది. అంతకుముందు ఆగిన చోటు దగ్గర రెడ్డి వేగం తగ్గించలేదు. పాణ్యం దాటారు. నంద్యాలలో ఆపి, చెట్టు నీడన టీ తాగి, బండి చల్లారకముందే తిరిగి కర్నూలు దారి పట్టారు. తిరుగు దారిలో రెడ్డి బండిని దాని ఇష్టానికి వదిలేశాడు. ముల్లు తొంభై మీద వణికింది. హనుమన్న తలుపు అంచు పట్టుకుని, ఇంజను చప్పుడు తప్ప మరేమీ వినకుండా కూర్చున్నాడు.

షెడ్డు ముందు దిగి ఇంజను ఆపకుండానే, రేడియేటరు మూత మీద తడిగుడ్డ వేసి, కొంచెం కొంచెంగా ఆవిరి వదిలి తీశాడు. నీళ్ళు అంచు దాకా ఉన్నాయి. నిప్పు చొరబడితే లేచే బుడగ ఒక్కటీ లేదు. ఇద్దరూ తలలు వంచి చాలాసేపు ఆ నీళ్ళనే చూశారు. నూనె పుల్ల నల్లగా, పలుచగా వచ్చింది. అతుకు పొడవునా వేలు పెట్టి చూస్తే పొడిగా ఉంది.

“బొంబాయి పెట్టె స్టేషనుకు వచ్చిందంట. తిరగ్గొట్టమని రాస్తాలే” అన్నాడు రెడ్డి.

ఇంజను వేడెక్కి చల్లారాక రాతినార కొంచెం అణుగుతుంది. అందువల్ల నట్లు మరోసారి బిగించాలి. అది కూడా చేస్తేనే పని అయినట్టు. మర్నాడు ఉదయం హనుమన్న పొడుగు పానా తీసుకుని, నడుమ నుంచి మొదలుపెట్టి రెండు వైపులకూ పోతూ ఒక్కొక్క నట్టే పట్టి చూశాడు. నడుమవి పావు చుట్టు తిరిగాయి. చివరివి అంతకంటే తక్కువ. రెడ్డి పీట మీద కూర్చుని చూస్తున్నాడు.

“మళ్ళీ ఎప్పుడు విప్పల్ల దీన్ని?”

“విప్పే పనుండదు రెడ్డీ. నాలుగేండ్లో ఐదేండ్లో, బండి ఎట్ల తోల్తావో దాన్నిబట్టి.”

“అయితే నీ తమ్ముడు పట్టిన మట్టం ఇంగ ఎవురికీ కనబడదు.”

“కనబడదు” అన్నాడు హనుమన్న.

రెడ్డి లోపల కూర్చుని ఇంజను తిప్పాడు. మొదటి తిప్పుకే అందుకుంది. ఆరు సిలిండర్లూ ఒకే గొంతుతో నడవసాగాయి. హనుమన్న పానా కింద పెట్టి హెడ్డు మీద అరచెయ్యి ఆనించాడు. ఇనుము ముందు చల్లగా, తర్వాత గోరువెచ్చగా, తర్వాత వేడిగా తగిలింది. రెడ్డి ఏదో అడిగాడు కానీ అతనికి వినబడలేదు. చెయ్యి కాలేంత వేడి అయ్యేదాకా తియ్యలేదు.